కూలిన మానుమీది అరుదైన శిలీంధ్రాన్ని నమోదు చేయడం ఎలా: ఫిన్లాండ్ అడవుల్లో పాటించవలసిన పద్ధతి

నేను ఫిన్లాండ్‌కు వచ్చిన తొలి శరత్కాలంలో చెట్టు శిలీంధ్రాలకు తీసిన ఫొటోలు సుమారు 200 ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, ఫోను పుణ్యమా అని చోటు వివరాలు కూడా ఉన్నాయి. అయినా వాటిలో ఒక్కటీ నమోదుకు పనికిరాలేదు. ఆ శిలీంధ్రం ఏ చెట్టుమీద ఉన్నదో, ఆ చెట్టు నిలిచి ఉన్నదో పడిపోయిందో, దాని కొయ్య ఎంతవరకు కుళ్ళిందో నేను ఎక్కడా రాసుకోలేదు. కొయ్యలో బతికే శిలీంధ్రం ఏడాది పొడవునా మాను లోపలే ఉంటుంది. బయట మనకు కనిపించే ఫలనాంగం దాని ఉనికిని తెలిపే గుర్తు మాత్రమే. అందువల్ల నమోదులో మానుకు శిలీంధ్రంతో సమానమైన చోటు ఇవ్వాలి. కింది అడుగులన్నింటినీ ఆ లెక్కమీదనే అమర్చాను.

వెతకవలసినవి ఏవి

తొలకరి తరువాత మన చేలగట్లమీద, పుట్టలమీద మొలిచే కాడా గొడుగూ ఉన్న పుట్టగొడుగులను ఇక్కడ మనసులో పెట్టుకోకండి. ఉత్తరాది స్ప్రూస్, పైన్, బర్చ్, ఆస్పెన్ చెట్ల అడవుల్లో మనం వెతికేవి మానుకు అంటుకుని గూటి పలకలాగా పొడుచుకువచ్చేవి, లేదా దుంగ అడుగు భాగాన సున్నం పూసినట్టు పలుచగా పరుచుకునేవి. అడుగు వైపున సన్నని రంధ్రాలు ఉన్నవాటిని పాలిపోర్లు అంటారు; ఫిన్నిష్ భాషలో వీటిని క్యాపా అనీ, స్వీడిష్‌లో టికా అనీ పిలుస్తారు. రంధ్రాలు లేకుండా నునుపుగానో, ముడతలుగానో పరుచుకునే పొర శిలీంధ్రాలు మరొక పెద్ద వర్గం. కొత్తవారు వీటిని పట్టించుకోరు కాబట్టి కొత్త సంగతులు దొరికే అవకాశం వీటిలో ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇవి అరుదు కావడానికి కారణం తిండి కరువు. దక్షిణ, మధ్య ఫిన్లాండ్‌లలో మనిషి చేయి పడని పాత అడవిలో హెక్టారుకు 60 నుండి 120 ఘనపు మీటర్ల చచ్చిన కొయ్య ఉంటుంది. కలప కోసం పెంచే అడవిలో అది సాధారణంగా 10 ఘనపు మీటర్లు దాటదు. దేశంలోని అటవీ జాతుల్లో 4,000 నుండి 5,000 వరకు, అంటే ఐదో వంతు నుండి నాలుగో వంతు వరకు, ఈ చచ్చిన కొయ్యనే నమ్ముకుని ఉన్నాయి. 2019లో ఫిన్లాండ్‌లో జరిగిన మదింపులో 22,418 జాతులను పరిశీలించగా 2,667 ముప్పులో ఉన్నట్టు తేలింది. ఏ శిలీంధ్రం అరుదైనది, ఏది సాధారణమైనది అన్నది మీ ఊహకు వదలకుండా, బయలుదేరే ముందే ఆ మదింపులోని ముప్పు జాబితాను ఒకసారి చూసుకోండి.

బయలుదేరే ముందు

ఫలనాంగం ఒక్క ఏడాదే నిలిచే మెత్తని జాతులకు ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు అనువైన కాలం. ఫలనాంగం గట్టిగా, అనేక ఏళ్ళు నిలిచేవి మంచు కప్పని ఏ నెలలోనైనా కనిపిస్తాయి.

అనుమతి విషయంలో కాస్త నిదానించాలి. మన దగ్గర రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టాలంటేనే అధికారిని అడగవలసిన పరిస్థితికి అలవాటుపడినవారికి, ఫిన్లాండ్‌లో ఎవరి అడవిలోనైనా నడవడానికీ, బెర్రీలూ పుట్టగొడుగులూ ఏరుకోవడానికీ అందరికీ ఉన్న హక్కు ఆశ్చర్యం కలిగిస్తుంది. దానిని అక్కడ యోకమియెహెనోయికెఉస్ అంటారు. అయితే ఆ హక్కు కూలిన చెట్టుకు గానీ ఎండు కొయ్యకు గానీ వర్తించదు. అవి భూయజమాని ఆస్తి. పొర శిలీంధ్రాన్ని కొయ్యముక్కతో పాటు కోయక తప్పదు కాబట్టి, నమూనా తీయదలచుకుంటే యజమానిని ముందే అడగండి. బతికి ఉన్న చెట్టునుండి ఏదైనా ఊడదీయాలన్నా అంతే. జాతీయ ఉద్యానవనాలలో తినే పుట్టగొడుగులు ఏరుకోవడానికి సాధారణంగా అభ్యంతరం లేకపోయినా, శాస్త్రీయ నమూనాల సేకరణకు ప్రభుత్వ అటవీ సంస్థ మెత్సాహల్లితుస్ నుండి వేరుగా అనుమతి పొందాలి. అనుమతి లేని చోట ఫొటోలతో, రాతతో సరిపెట్టుకోండి. అది కూడా విలువైన నమోదే.

సంచిలో ఉండవలసినవి కొద్దే: 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, పొడుగు పిడి ఉన్న గట్టి చాకు, టేపు, పెన్సిలు, తడికి చిరగని కాగితాల పుస్తకం, రకరకాల సైజుల కాగితపు కవర్లు, చిన్న అద్దం. అద్దం ఎందుకంటే దుంగ అడుగును చూడటానికి ప్రతిసారీ నేలమీద పడుకోలేము, దుంగను దొర్లించనూ కూడదు. ప్లాస్టిక్ కవర్లు తీసుకువెళ్ళకండి. వాటిలో వేసిన మెత్తని నమూనా ఇంటికి చేరేసరికి చెమర్చి ముద్ద అవుతుంది. మూస్ అనే పెద్ద దుప్పి వేట సాగే శరత్కాలంలో నారింజరంగు చొక్కాగానీ టోపీగానీ తప్పనిసరిగా ధరించండి. పిడుదులు కుట్టకుండా ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపుకోండి, ఇంటికి వచ్చాక ఒళ్ళంతా చూసుకోండి, ఎందుకంటే లైమ్ వ్యాధిని మోసుకొచ్చేవి అవే. ఫోను సంకేతం అందని చోట్లు ఉంటాయి కాబట్టి మ్యాపును ముందే దింపుకుని, ఎటు వెళుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి; అత్యవసర నంబరు 112.

మొదటి అడుగు: మానును చదవడం

శిలీంధ్రం కనిపించగానే కెమెరా తీయాలనిపిస్తుంది. ఆ తొందరను రెండు నిమిషాలు ఆపి, దుంగ చుట్టూ ఒకసారి తిరగండి.

చెట్టు జాతిని మొదట తేల్చుకోవాలి. బెరడు ఉంటే పని సులువు. స్ప్రూస్ బెరడు పలుచని చిన్న పొలుసులుగా లేస్తుంది. పైన్ మొదట్లో మందంగా పగిలి, పై భాగంలో నారింజ వన్నెతో ఉంటుంది. ఆస్పెన్ బూడిద, ఆకుపచ్చ కలిసిన నునుపైన చర్మంలా కనిపిస్తుంది. బర్చ్ విషయంలో లోపలి కొయ్యంతా పొడి అయిపోయినా తెల్లని బెరడు మాత్రం గొట్టంలాగా మిగిలి ఉంటుంది. బెరడు పూర్తిగా పోయిన దుంగకు ఊహించి పేరు పెట్టకండి. సూదాకు చెట్టు అనో, వెడల్పాకు చెట్టు అనో రాస్తే చాలు. సగం తెలిసిన నిజం రాయడం నమోదుకు మేలు చేస్తుంది, తప్పు పేరు మాత్రం తరువాత దాన్ని చదివే ప్రతివారినీ దారి తప్పిస్తుంది.

తరువాత ఆ చెట్టు స్థితిని రాయండి. నిలువునా చచ్చిన మోడా, వేళ్ళతో సహా ఒరిగినదా, నడిమికి విరిగినదా, మనిషి కోసిన మొద్దా అన్నది ఒక మాటలో చెప్పవచ్చు. నిలిచి ఉన్న చెట్టు చుట్టుకొలతను అడవుల లెక్కలో 1.3 మీటర్ల ఎత్తున తీసి వ్యాసం కడతారు; దుంగకు కూడా మొదలునుండి అంతే దూరంలో కొలిచి, శిలీంధ్రం ఉన్న చోట మరొక కొలత తీసుకోండి. శిలీంధ్రం దుంగ పైన ఉన్నదా, పక్కన ఉన్నదా, నేలకు తగిలే అడుగున ఉన్నదా అన్నదీ రాయాలి.

కుళ్ళు ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి ఫిన్లాండ్ పరిశోధకులు వాడే చాకు పరీక్ష తేలికైనది. చాకును చేతి బలంతో నొక్కినపుడు కొన్ని మిల్లీమీటర్లే దిగితే అది మొదటి దశ. ఒకటి రెండు సెంటీమీటర్లు దిగితే రెండవ దశ. మూడు నుండి ఐదు సెంటీమీటర్లు సులువుగా దిగితే మూడవది. అలుగు మొత్తం దిగిపోతే నాలుగవది. వేళ్ళతో ముట్టుకుంటేనే విడిపోయే కొయ్య ఐదవ దశ. ఒకే దుంగ ఒక చివర గట్టిగా, మరొక చివర మెత్తగా ఉండటం మామూలే కనుక మూడు నాలుగు చోట్ల పరీక్షించి, ఎక్కువ భాగం ఏ దశలో ఉన్నదో రాయండి. శిలీంధ్రం మీద మాత్రం చాకు పెట్టకండి. కుళ్ళు రంగునూ గమనించండి. కొయ్య ఎర్రమట్టి రంగులోకి మారి ఇటుక ముక్కల్లా చీలుతుంటే శిలీంధ్రం కొయ్యలోని పీచు పదార్థమైన సెల్యులోజును తిని, ఆ పీచును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తున్నదని అర్థం. కొయ్య పాలిపోయి పీచులుగా విడుతుంటే లిగ్నిన్ కూడా కరుగుతున్నదన్నమాట. ఈ ఒక్క తేడాతోనే అనుమానిత జాతుల జాబితా బాగా తగ్గుతుంది.

మాను చరిత్రలో అందరూ మరచిపోయే భాగం ఒకటుంది: ఇప్పుడున్న శిలీంధ్రానికి ముందు అక్కడ ఎవరు కాపురం ఉన్నారన్నది. ఎర్రని పట్టీ అంచున్న ఫోమిటాప్సిస్ పినికోలా ఈ అడవులన్నిటా కనిపించే సాధారణ జాతి. అది కుళ్ళబెట్టిన స్ప్రూస్ దుంగలమీదనే లేత పసుపు వన్నె గల అరుదైన ఆంట్రోడియెల్లా సిట్రినెల్లా వస్తుంది. అదేవిధంగా ఫెల్లినిడియం ఫెర్రుజినియోఫస్కం ఉండి వెళ్ళిన దుంగలను వెతుక్కుంటూ జుంగూనియా కొల్లాబెన్స్ వస్తుంది. కాబట్టి దుంగమీద చచ్చి ఎండిపోయిన పాత ఫలనాంగాలు ఉంటే వాటినీ ఫొటో తీసి, పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే వర్ణనతో రాసుకోండి.

రెండవ అడుగు: శిలీంధ్రాన్ని చూడటం, ఫొటో తీయడం

ఒక నమోదుకు కనీసం ఐదు ఫొటోలు కావాలి. దుంగ మొత్తం చుట్టుపక్కల అడవితో సహా ఒకటి. దుంగమీద శిలీంధ్రం ఉన్న తీరు ఒకటి. పై భాగం ఒకటి. రంధ్రాలున్న అడుగు భాగం దగ్గరనుండి ఒకటి. నిలువుగా కోసిన ముక్క లోపలి పొరలతో ఒకటి. అడుగు భాగం ఫొటోలో మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు తప్పక కనిపించాలి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు నిడివిలో ఎన్ని రంధ్రాలున్నాయన్నది గుర్తింపులో మొదట అడిగే ప్రశ్న. ఫ్లాష్ వాడితే తెలుపు, లేత గులాబి, లేత పసుపు రంగులు ఒకేలా తేలిపోతాయి. ఫోనును దుంగకు ఆనించి సహజ వెలుతురులోనే తీయండి.

ఫొటోకు అందని లక్షణాలు మూడున్నాయి: స్పర్శ, రంగు మారడం, వాసన. వీటిని అక్కడికక్కడే రాయాలి, ఎండిన నమూనాలో ఇవి చాలావరకు మిగలవు. పెద్ద స్ప్రూస్ దుంగలమీద వచ్చే ఎమైలోసిస్టిస్ లప్పోనికా మెత్తగా, తెల్లగా ఉండి, వేలితో నొక్కిన చోట ఎర్రబారుతుంది. ఫ్లేబియా సెంట్రిఫ్యూగా మధ్యలో ఎండుతూ అంచున పెరుగుతూ దుంగమీద వలయాలుగా విస్తరిస్తుంది. ఫోమిటాప్సిస్ రోజియా రంధ్రాల భాగం గులాబి వన్నెలో ఉంటుంది. దీనిని ఇప్పుడు రోడోఫోమెస్ రోజియస్ అని కూడా రాస్తున్నారు. పేర్లు ఇలా మారుతూనే ఉంటాయి కనుక మీరు ఏ పేరుతో గుర్తించారో ఆ పేరునే చీటీలో ఉంచండి.

వాసన విషయంలో ఒక ఉదాహరణ మాను ప్రాధాన్యాన్ని బాగా చూపిస్తుంది. భోజనం తరువాత నమిలే సోంపులాంటి వాసన వచ్చే పాలిపోర్లలో ఈ అడవులకు చెందిన రెండింటిని చూద్దాం. ఒకటి స్ప్రూస్ మొద్దులమీద తరచుగా కనిపించే గ్లియోఫిల్లం ఒడొరాటం. దానిని కోస్తే లోపల తుప్పు గోధుమరంగు. రెండవది ముసలి విల్లో చెట్లమీద పెరిగే హాప్లోపోరస్ ఒడోరస్. లోపల పాలిపోయిన రంగు, కనిపించడం అరుదు. 1732లో ఉత్తరాన ఉన్న లాప్లాండ్‌లో తిరిగిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్, అక్కడి యువకులు అమ్మాయిల మెప్పు కోసం ఇలాంటి పరిమళపు శిలీంధ్రాన్ని తిత్తిలో దాచుకుని తిరిగేవారని రాశాడు. మన వైపు మల్లెపూలు చేసే పనిని అక్కడ విల్లో శిలీంధ్రం చేసిందన్నమాట. నమోదులో "సోంపు వాసన" అని మాత్రమే రాసి చెట్టు పేరు వదిలేస్తే, సాధారణ జాతికీ అరుదైన జాతికీ మధ్య తేడా చదివేవారికి తెలియదు.

చోటు వివరాలను అంకెలలో తీసుకునేటప్పుడు ఫోను చూపే దోషపు పరిమితిని కూడా రాయండి. దట్టమైన కొమ్మల కింద 5 నుండి 10 మీటర్ల తేడా రావడం మామూలే.

మూడవ అడుగు: నమూనా

తెలిసిన సాధారణ జాతికి నమూనా అక్కరలేదు. అరుదైనది అయి, పక్కాగా గుర్తుపట్టగలిగేది అయితే ఫొటోలు చాలు. అనుమానం ఉన్నపుడే, అనుమతి ఉన్నచోటనే తీయండి. మొత్తం ఊడదీయకుండా, రంధ్రాలూ అంచూ కొయ్యకు అంటుకున్న భాగమూ వచ్చేలా అగ్గిపెట్టె అంత ముక్క కోస్తే సూక్ష్మదర్శిని పరీక్షకూ డీఎన్ఏ పరీక్షకూ సరిపోతుంది. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క కవరులో వేసి, కవరు మీద వరుస సంఖ్యను అక్కడే రాయండి. "ఇంటికి వెళ్ళి రాద్దాం" అనుకున్న కవర్లు నావి ఒకసారి నాలుగు కలిసిపోయాయి. నాలుగూ పారేయవలసి వచ్చింది.

నాలుగవ అడుగు: ఇంటి దగ్గర పని

వచ్చిన రోజునే ఆరబెట్టడం మొదలుపెట్టండి. పండ్లు ఎండబెట్టే చిన్న యంత్రంలో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలి ఆడేలా ఉంచితే పలుచనివి ఒక రాత్రిలో, మందమైనవి రెండు మూడు రోజుల్లో ఎండుతాయి. వేడి 45 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచిది. ఓవెన్‌లో కాల్చినంత పని చేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. ఆరబెట్టే ముందే ఒక తాజా ముక్కను రంధ్రాలు కిందికి ఉండేలా గాజుపలకమీద పెట్టి, గిన్నె బోర్లించి, రాత్రంతా వదిలితే సిద్ధబీజాలు పొడిలా రాలుతాయి. అలా రాలినవి పూర్తిగా పక్వమైనవి కాబట్టి కొలతలకు అవే నమ్మదగినవి. పూర్తిగా ఎండిన నమూనాను బిగుతైన సంచిలో పెట్టి మైనస్ 20 డిగ్రీలలో వారం పది రోజులు ఉంచితే లోపలి పురుగులు చస్తాయి. ప్లాస్టిక్ సంచికి పని ఉండేది ఇక్కడే.

చీటీలో దేశం, ప్రాంతం, చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, అడవి రకం, చెట్టు జాతి, మాను స్థితి, వ్యాసం, కుళ్ళు దశ, తోడు శిలీంధ్రాలు, సేకరించినవారి పేరు, గుర్తించినవారి పేరు, వరుస సంఖ్య ఉండాలి.

సూక్ష్మదర్శిని ఉన్నవారు నూనె కటకంతో 1000 రెట్లు పెద్దది చేసి చూడాలి. లాక్టిక్ ఆమ్లంలో కలిపిన కాటన్ బ్లూ అనే రంగు, అయోడిన్ ఉన్న మెల్జర్ ద్రావణం, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ అనే మూడింటిలోనూ ముక్కను విడివిడిగా పరీక్షిస్తారు. మెల్జర్ ద్రావణంలో విషపదార్థం ఉంటుంది. వంటింట్లో ఆ పని పెట్టుకోకండి. కనీసం 30 సిద్ధబీజాల పొడవు, వెడల్పు కొలవండి. కొన్ని పాలిపోర్ల మధ్య తేడా అర మైక్రోమీటరు వెడల్పులోనే ఉంటుంది కనుక, మీ కటకం స్కేలును సరిచూసుకోకుండా తీసిన కొలత ఎందుకూ పనికిరాదు.

ఐదవ అడుగు: "కొత్తది" అనే మాటను జాగ్రత్తగా వాడటం

కొత్తదనానికి మూడు మెట్లున్నాయి. ఆ అడవికి కొత్త కావడం మొదటిది, చాలాసార్లు జరిగేది. దేశానికి కొత్త కావడం రెండవది. శాస్త్రానికే కొత్త కావడం మూడవది. మొదటి మెట్టు మీద ఉన్నపుడు మూడవ మెట్టు మాట ఎత్తకండి.

రెండు, మూడు మెట్ల అనుమానం కలిగితే ఫొటోతో వాదన పెట్టుకోకుండా, ఎండిన నమూనాను హెల్సింకీలోని ఫిన్లాండ్ ప్రకృతి చరిత్ర మ్యూజియం వంటి, ఎండిన నమూనాలను భద్రపరిచే హెర్బేరియానికి ముందుగా రాసి, వారు ఒప్పుకున్నాక పంపండి. అక్కడ నమూనా ఉన్నంతకాలం మీ గుర్తింపు తప్పు అయినా నమోదు చెడిపోదు. ఎవరైనా మళ్ళీ తీసి చూసి సరిదిద్దవచ్చు. 2012 నుండి శిలీంధ్రాల గుర్తింపుకు ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని ప్రామాణిక బార్‌కోడ్‌గా వాడుతున్నారు. ఆ వరుసలను ఎస్తోనియాలోని తార్తు కేంద్రంగా నడిచే యునైట్ భాండాగారంలో పోల్చి చూస్తారు. ఈ పద్ధతి చాలా సాధారణం అనుకున్నవాటిని కూడా విడదీసింది. ఉత్తర అమెరికాలో ఫోమిటాప్సిస్ పినికోలా అని వందేళ్ళకు పైగా పిలిచినవాటిలో రెండింటికి 2019లో వేరు జాతులుగా కొత్త పేర్లు పెట్టారు. డీఎన్ఏ వరుస దేనితోనూ సరిపోలలేదన్న ఒక్క కారణంతో కొత్త జాతి అయిపోదు. వర్ణన, మూల నమూనా హెర్బేరియంలో ఉండటం, శిలీంధ్రాల పేర్లను నమోదు చేసే మైకోబ్యాంక్ వంటి చోట తీసుకున్న గుర్తింపు సంఖ్య కావాలి. ఈ సంఖ్య 2013 నుండి తప్పనిసరి. ఆ పని నిపుణులకు వదలండి.

ఆరవ అడుగు: నమోదు చేయడం

ఫిన్లాండ్‌లో లాయి.ఫి అనే జాతీయ వేదికలోని విహ్కో పుస్తకంలో, స్వీడన్‌లో ఆర్ట్‌పోర్టాలెన్‌లో నమోదు చేయవచ్చు. ఐనాచురలిస్ట్ వాడటం తేలికే, కానీ దాని మామూలు ఫారంలో మాను వివరాలకు ప్రత్యేకమైన గడులు లేవు. వాటిని వ్యాఖ్య భాగంలో వాక్యాలుగా రాయండి. గుర్తింపు ఎంత నమ్మకమో కూడా చెప్పండి: సూక్ష్మదర్శినితో చూశారా, కంటితోనేనా, నమూనా ఎక్కడ ఉన్నది. ముప్పులో ఉన్న జాతి చోటును బహిరంగంగా చూపడం సరికాదనిపిస్తే, అంకెలను స్థూలంగా చూపించే ఏర్పాటును ఎంచుకోండి. అయితే ఆ అడవిని నరకబోతున్నారని తెలిస్తే దాచడం కన్నా అధికారులకు కచ్చితమైన చోటు తెలియడమే మేలు.

కనిపించని రోజును కూడా రాయండి. రెండు గంటల్లో 40 దుంగలు చూసి ఒక్క అరుదైన జాతీ కనిపించలేదన్న నమోదు, వెతికారు, లేదు అని చెబుతుంది. ఖాళీ కాగితం ఆ మాట చెప్పదు.

ఆ తరువాత మరుసటి ఏడాది అదే వారంలో అదే దుంగ దగ్గరకు వెళ్ళండి. గుర్తుకోసం మేకు కొట్టకుండా, రంగు పూయకుండా, దుంగ మొదలునుండి శిలీంధ్రం వరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి మొదటిసారే రాసుకోండి. ఫలనాంగం లేకపోతే చాకు పరీక్షను మాత్రం మళ్ళీ చేసి, కొత్త తేదీతో కుళ్ళు దశను రాసి రండి.